ఎల్ గ్రేడు టైర్లు

మా ఊళ్లో అక్షరాలు నేర్పేది బడి కాదు, బొగ్గు. ‘ఏ’ గ్రేడు బొగ్గంటే అంటించడమే ఆలస్యం, భగ్గున మండేది. జీ గ్రేడంటే సగం రాయి, సగం బూడిద. మనుషులకూ అదే కొలత. బొగ్గు గనుల కంపెనీ సూపర్‌వైజర్లలో ‘ఏ’ గ్రేడువాడు పైన, బీ వాడు వాడి కింద, సీ వాడు ఇంకా కింద. పిల్లనిచ్చేవాళ్లు అబ్బాయి తాగుతాడా అని తర్వాత అడుగుతారు, ముందు గ్రేడేమిటని అడుగుతారు. గోదావరిఖనిలో పుట్టినవాడి బుర్రలో ఒక మాట మేకు కొట్టినట్టు దిగబడిపోయింది: ముందొచ్చే అక్షరం గొప్పది, వెనకొచ్చేది చెత్త. పదిహేనేళ్లుగా నేను ఈ బుర్రలకు టైర్లు అమ్ముతున్నాను.

నా పేరు రాజం. ఫైవింక్లైన్ చౌరస్తా దాటగానే ఎడమ పక్కన కనిపించే టైర్ల షాపు నాదే. కంపెనీ మా వాళ్లకు కారు కొనుక్కోవడానికి లోను ఇస్తుంది గానీ, ఆ కారు దేని మీద నిలబడిందో తెలుసుకునే ఇంగితం ఇవ్వదు. కారు రంగు గురించి నెల రోజులు ఆలోచిస్తారు. సీటు కవర్ల గురించి ఇంట్లో పోట్లాడుకుంటారు. టైరు దగ్గరికొచ్చేసరికి బూటు కాలితో ఒక తన్ను తన్ని, "గట్టిదేనా?" అంటారు. పుచ్చకాయ కొనేవాడు కూడా ఇంతకంటే శ్రద్ధగా కొడతాడు.

టైరు పక్కగోడ మీద అంకెలుంటాయి, అన్నిటికంటే చివర ఒక అక్షరం ఉంటుంది. ఆ అక్షరం టైరు తట్టుకునే వేగం. ఎల్ అంటే గంటకు నూటిరవై కిలోమీటర్లు. క్యూ అంటే నూట అరవై. ఎస్ నూట ఎనభై, టీ నూట తొంభై. వెనక అక్షరానికి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది. అంటే బొగ్గుకు పూర్తిగా తలకిందులు. మధ్యలో హెచ్ ఒక్కటే వరస తప్పి, యూ తర్వాత వీకి ముందు నిలబడింది. దాని వేగం రెండు వందల పది. ఆ వరస పెట్టినవాడు మా బావను ఎరగడు. ఎరిగి ఉంటే అంత పని చేసేవాడు కాదు.

మా బావ నర్సింగం. మా మల్లక్క భర్త. కంపెనీలో ముప్పై రెండేళ్లు బొగ్గు శాంపిల్ తీసే పని చేశాడు. వ్యాగన్లలో నుంచి బొగ్గు తీసి, దంచి, పొడి చేసి, ల్యాబులో బూడిద ఎంతో తేల్చి, ఇది ఫలానా గ్రేడు అని చిట్టీ మీద రాయడం. పని అయిపోయాక చేతులు కడుక్కునేవాడు గానీ ఆ అలవాటును కడుక్కోలేదు. చాయ్‌కి గ్రేడు, మటన్‌కి గ్రేడు, పెళ్లి భోజనానికి గ్రేడు, చివరికి చుట్టాలకు గ్రేడు. కంపెనీ గ్రేడుల పద్ధతి మార్చి అంకెలు పెట్టిన సంగతి కూడా ఆయన ఒప్పుకోలేదు. తను రిటైరయ్యాక వచ్చింది గనక అది చెల్లదట.

నాకు ఆయన ఇచ్చిన గ్రేడు అన్‌గ్రేడెడ్. అంటే ఏ అక్షరానికీ ఎక్కని బొగ్గు. మా నాయన ఉద్యోగం వారసుడిగా నాకు రావలసింది. మెడికల్ పరీక్షలో కంటిచూపు తక్కువని తీసేశారు. అప్పుడు షాపు పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి బావ నోట నా పేరు అదే. పెళ్లిళ్లలో, చావుల దగ్గర, నా పెళ్లాం పిల్లల ముందు, "మావోడు అన్‌గ్రేడెడ్" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేను కూడా నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ప్రతిసారీ మండేది.

రిటైరయ్యాక బావ సెకండ్ హ్యాండులో ఏడుగురు కూర్చునే పెద్ద బండి ఒకటి కొన్నాడు. ఇంట్లో ఉన్నది ముగ్గురు: ఆయన, మా అక్క, కూతురు దీప. మిగతా నాలుగు సీట్లు చూసినవాళ్ల కోసం. బండితోపాటు వచ్చిన టైర్లు బోడిగుండులా అరిగిపోయి ఉన్నాయి. దసరాకు నాలుగు రోజుల ముందు వాటిని మార్పించడానికి షాపుకు వచ్చాడు. వెంట ఇద్దరు రిటైరైన దోస్తులను తెచ్చుకున్నాడు. బావ ఏదీ ఒంటరిగా కొనడు. తన తెలివికి సాక్షులుండాలి.

నేను ఎస్ అక్షరం టైరు తీసి ముందు పెట్టాను.

"బావా, నీ బండికి ఇదే కరెక్టు. కొత్తల బండి కంపెనోడు ఇచ్చింది గూడ ఇదే."

బావ కళ్లద్దాలు పెట్టుకున్నాడు. వంగి, పక్కగోడ మీద వేలు ఆనించి చివరిదాకా చదివాడు. తర్వాత వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు. ఏ, బీ, సీ. దోస్తులిద్దరూ ఓపికగా నిలబడ్డారు.

"పందొమ్మిది," అన్నాడు చివరికి. "సూసిండ్రా? పందొమ్మిదో గ్రేడు మాలు సొంత బావకే అంటగడ్తున్నడు."

"అది గ్రేడు కాదు బావా. స్పీడు. ఎస్ అంటె నూట ఎనభై దాక తట్టుకుంటది."

"స్పీడు ఇంజన్ల ఉంటది. రబ్బరుల ఎట్ల ఉంటదిరా?"

దోస్తులు నవ్వారు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ పూట అలైన్‌మెంట్ కోసం ఒక పెద్దాఫీసరు కారు షాపులో నిలబడి ఉంది. బావ దాని దగ్గరికి పోయి, గొంతుక్కూర్చుని అక్షరం చూశాడు. హెచ్.

"గీ హెచ్ ఎంత?"

"రెండు వందల పది."

"అంటె ఎస్ కంటె ఎక్కువ."

"ఎక్కువే."

"హెచ్ ముందలొస్తదా, ఎస్ ముందలొస్తదా?"

నాకు అర్థమైంది ఎక్కడికి పోతున్నాడో. "అది ఒక్కటే అట్ల పెట్టిండ్రు బావా. మిగతయన్ని..."

"ఒక్కటే అట్లనట," అన్నాడు దోస్తుల వైపు తిరిగి. "పెద్దాఫీసరుకు హెచ్, నర్సింగానికి ఎస్. ఏ, బీ, సీలు మార్కెట్ల దొరకయి, మిలట్రీకి పోతయి. గది నాకెరుకే. మరి నడుమ గ్రేడులు ఏడ దాసినవ్?"

మిలట్రీకి పోతాయని ఆయనకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరూ చెప్పి ఉండరు. బావకు ఏదైనా తెలియాలంటే ఇంకొకడు చెప్పనవసరం లేదు.

ఒక మూలన, సామాన్లు మోసే చిన్న ట్రక్కుల కోసం తెప్పించిన టైర్లు దొంతర పెట్టి ఉన్నాయి. సైజు అదే. రబ్బరు బాగా మందం. చివర ఎల్ అక్షరం. బావ ఆ దొంతరను చూశాడు, పిడికిలితో గుద్దాడు, ముఖం వెలిగిపోయింది.

"గివ్వి. ఎల్."

"అవి ట్రక్కులయి బావా. బరువు మోస్తయి గని ఉరుకయి."

"బరువు మోసేది గట్టిది గాదా? లేకుంటె నీ ఎస్సు, సన్నగ అప్పడం లెక్కున్నది, గది గట్టిదా?" బావ నా భుజం మీద చెయ్యి వేసి దోస్తులకు చూపించాడు. "మావోడి తప్పు లేదు. మనిషి అన్‌గ్రేడెడ్, అమ్మే మాలు గూడ గట్లనే ఉంటది."

షాపులో అప్పుడు ఇంకో నలుగురు గిరాకీలున్నారు. వాళ్లు కూడా నవ్వారు. నేను చెప్పవలసింది ఇంకా ఒక్క మాట మిగిలి ఉంది. ఈ టైరు నూటిరవై దాటి ఎండలో పోతే లోపల ఉడికి పేలుతుంది, మనుషులు చస్తారు, అని. ఆ మాట నా నాలుక మీదే ఉంది. మింగేశాను. ఆయనకు అర్థం కాదని కాదు. అర్థమవుతుందేమోనన్న భయంతోనే మింగానేమో. ఈ మనిషి నోటితో అడిగి తీసుకున్న చెత్త ఈ మనిషి కిందే తిరగాలని నాకు గట్టిగా అనిపించింది. నాలుగు టైర్లూ ఎక్కించి, గాలి నింపి, నిమ్మకాయలు కూడా నేనే పెట్టి పంపించాను.

ఆ చలికాలమంతా నాకు మంచి కాలక్షేపం. బావ చాయ్ హోటల్ దగ్గర కూర్చుని టైర్ల మీద ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఎల్ గ్రేడు మహిమ ఊరంతా పాకింది. ఒకడు కాదు ఇద్దరు కాదు, తొమ్మిది మంది నా షాపుకు వచ్చి ఎల్ టైర్లే కావాలన్నారు. ఒక సారు, పిల్లలకు ఇంగ్లీషు చెప్పే సారు, కే టైర్లు దొరకవా అని రహస్యంగా అడిగాడు. వాళ్లందరికీ అరగంట చొప్పున గడ్డం పట్టుకుని నచ్చజెప్పి, ఎస్ టైర్లే వేసి పంపాను. పరాయివాళ్ల మీద నాకు కోపమేముంది?

రాత్రి పడుకునేటప్పుడు ఎప్పుడైనా గుర్తొస్తే ఒక సమాధానం సిద్ధంగా ఉండేది. బావ నలభై దాటడు. ఆయన బండి నడుపుతుంటే పక్కన సైకిలువాడు మంచీ చెడూ మాట్లాడి ముందుకు పోతాడు. ఆ వేగానికి ఎడ్లబండి చక్రం వేసినా చాలు. ఈ సమాధానం నాకు చాలా నచ్చింది. దీప డ్రైవింగ్ నేర్చుకుందన్న సంగతి అందులో లేదు. నేర్పింది నేనే. నా బండి మీద, స్టేడియం గ్రౌండులో, నెల రోజులు. పిల్ల బాగా నడుపుతుందని అందరికీ చెప్పుకున్నాను కూడా.

ఎండాకాలం వచ్చింది. మా దగ్గర మే నెలలో మధ్యాహ్నం పూట రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. ఆ ఏడాది హైదరాబాద్ దాకా నాలుగు లైన్ల రోడ్డు చాలావరకు తయారైంది. గతుకుల్లో పుట్టి పెరిగిన మావాళ్లకు అంత నున్నటి రోడ్డు కనిపించేసరికి పూనకం వచ్చింది. నలుగురు కూర్చున్న చోట రెండే మాటలు: ప్రత్యేక రాష్ట్రం ఎప్పుడొస్తుంది, హైదరాబాద్‌కు ఎన్ని గంటల్లో పోయావు.

ఒక రోజు పన్నెండు కావస్తుండగా బావ స్కూటరు మీద వచ్చాడు. నెత్తికి తడి తువ్వాల. వచ్చీ రావడంతోనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మీ కోడలు దీపకు నౌకరి వస్తున్నదిరా. సర్టిఫికెట్లు సూసుటానికి ఇయ్యాల్నే రమ్మని పొద్దుగాల ఫోన్ జేసిండ్రు. రెండింటి లోపట హైదరాబాద్ల ఉండాలె, లేకుంటె ఎనుకున్నోళ్లకు ఇస్తరట."

"బస్సుల పోయిందా?"

"బస్సు అందుతదా? బండి తీస్కపోయింది. మీ అక్క తోడువోయింది. పదిన్నరకు ఎల్లిండ్రు." బావ తువ్వాల తీసి పిండుకున్నాడు. "మొన్న కరీంనగర్ నుంచి నూట నలభై మీద వచ్చిందట. బండి జర్రంత కదల్లేదట. ఎందుకు కదులుతది? కింద ఎల్ గ్రేడు పెట్టిన."

నా చేతిలోని పానా కింద పడింది. బావ దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

దీపకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మూడోసారి అక్క ఎత్తింది.

"ఏందిరా రాజం? తోవల ఉన్నం."

"బండి ఎంత మీద పోతున్నదక్కా?"

"నాకేమెరుక? చెట్లు కండ్లకు ఆనుతలెవ్వు." పక్క నుంచి దీప గొంతు వినిపించింది, నూట ముప్పై ఐదని చెప్పమని.

అప్పుడన్నా నిజం చెప్పానా? లేదు. నా తెలివి నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. "ముందట పోలీసులు స్పీడు పడుతున్నరట అక్కా. జర మెల్లగ పొమ్మను. ఎనభై దాటద్దను," అన్నాను.

అక్క ఆ మాట దీపకు చెప్పింది. దీప ఏదో అంది. "ఫైన్ ఏస్తె కడ్తదటరా. ఎనభై మీద పోతె రెండింటికి అందదట," అంది అక్క.

ఎదురుగా బావ చెయ్యి ఊపాడు. "పోరిని ఎందుకు భయపెడ్తవ్? ఆ టైర్లకు ఏం కాదు, పోనియ్యి," అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తూ నేను చెప్పాల్సి వచ్చింది.

"అక్కా, పోలీసులు లేరు. ఆ టైర్లు గంత స్పీడుకు పనికిరావు. పేలుతయి. ఒక్కపారె బ్రేకు తొక్కద్దను. కాలు తీసి మెల్లమెల్లగ పక్కకు ఆపమను."

కిటికీలోంచి కొట్టే గాలి చప్పుడు వినిపించింది.

"గట్లని ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పుడు గాదు. నాకెరుకే."

"ఎప్పటి సంది?"

"ఏసిన్నాటి సంది."

అక్క ఫోన్ పక్కన పడేసినట్టుంది. ఇంజన్ హోరు తగ్గుతూ వచ్చింది. ఒక లారీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. కంకర మీద చక్రాలు నలిగిన చప్పుడు. తలుపు తెరిచిన చప్పుడు. తర్వాత దీప ఫోన్ అందుకుంది.

"మామా, ఎనుక టైరు ముట్టుకుంటె చెయ్యి కాలింది. రబ్బరు వాసన గొడుతున్నది. పక్కకు ఉబ్బింది." ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు, కోపం కూడా లేదు. "బెజ్జంకి క్రాసింగ్ కాడ ఉన్నం. అమ్మను బండి కాడ ఉంచుతున్న. ఏ బస్సు ఆగితె అది ఎక్కుత. నువ్వు జల్ది రా." ఫోన్ పెట్టేసింది.

బావ స్టూలు మీద నుంచి లేచి నిలబడి ఉన్నాడు. నేను నాలుగు ఎస్ టైర్లు నా బండిలో వేసుకుంటుంటే ఒక్కొక్కటీ ఆయన కూడా ఎత్తాడు. మాట్లాడకుండా బావ ఉండగలడని ముప్పై ఏళ్లలో నాకు తెలియలేదు. పెద్దపల్లి దాటాము. ఆయన కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. సుల్తానాబాద్ దగ్గర నోరు తెరిచాడు.

"ఎందుకు పేలుతది?"

ఈ మాట దసరా ముందు అడిగి ఉంటే, అనుకున్నాను. కానీ ఆయన అడగలేదు సరే, నేను చెప్పానా?

"టైరు నేలకు ఆనిన కాడల్ల నలుగుతది బావా. ఎంత జోరుగ తిరిగితె గన్ని సార్లు నలుగుతది. నలిగినప్పుడల్ల లోపట వేడి పుడతది. మందం ఎక్కువున్న టైరుల ఆ వేడి బయటికి పోదు. యార్డుల బొగ్గు కుప్ప ఎట్లంటుకుంటది? పైకి సల్లగ కనవడతది, లోపట కాలుతుంటది. గట్ల."

బావ తలూపాడు. బొగ్గు కుప్ప పేరెత్తగానే ఆయనకు అరనిమిషంలో అంతా ఎక్కింది. ఏడు నెలల కింద ఇదే ముక్క చెబితే ఏడు నెలల కిందే ఎక్కేది. అది మూర్ఖుడి బుర్ర అని ఊరంతా తిరిగి నవ్వుకున్నాను. ఆ బుర్రకు తలుపు ఎక్కడుందో నాకు మొదటినుంచీ తెలుసు. తట్టలేదు. అంతే.

కరీంనగర్ వంతెన మీదికి వచ్చాక బావ మళ్లీ మాట్లాడాడు.

"ముప్పై రెండేండ్లు గ్రేడు చిట్టీలు రాసిన రాజం. తెల్వక తప్పు రాసినయి ఉంటయి. కాదన. తెలిసి తప్పు రాసింది ఒక్కటి లేదు. రాయుమని నెత్తిమీద కూసున్నరు కొందరు. అయినా రాయలే."

ఆయన నన్ను తిట్టడానికి అన్నట్టు లేదు. తనకు తను చెప్పుకున్నట్టు అన్నాడు. ఆయన ముందు నేను ఎంత చిన్నవాణ్ణో తెలిసి సిగ్గేసింది.

క్రాసింగ్ దగ్గరికి చేరేసరికి రెండయింది. రోడ్డు పక్కన రేకుల పంక్చర్ షాపు ఒకటుంది. బండిని మెల్లగా దాని ముందుకు నడిపించి పెట్టారు. అక్క రేకుల నీడలో పాత టైరు మీద కూర్చుని ఉంది. కొంగు నెత్తి మీద కప్పుకుంది. ముఖం ఎండకు కమిలిపోయింది. నన్ను చూసి లేవలేదు.

నేను వెనక ఎడమ చక్రం దగ్గర కూర్చున్నాను. అంచు మీద నిమ్మకాయంత బుడిపె. వేలితో నొక్కితే లోపల పొర విడిపోయి మెత్తగా తగిలింది. ఇంకో పది కిలోమీటర్లు, మహా అయితే ఇరవై. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి గదా, ఆ లెక్క బాగా వచ్చు. నేను ఆ బుడిపె మీద నుంచి వేలు తియ్యకుండా కూర్చుంటే పంక్చర్ షాపతను పానా తీసుకుని, "మీరు జరగుండ్రి అన్నా, నేను ఇప్పుత," అన్నాడు. నలభై ఏళ్ల మనిషి. ఎవరు ఎవరికి ఏమవుతారో అతనికి తెలియదు. అతనూ నేనూ కలిసి ఒక్కొక్క చక్రమే ఊడదీసి, పాత టైరు పెరికి, కొత్తది ఎక్కించాము. గంటన్నర పైగా పట్టింది. అంతసేపూ అక్క ఒక్కసారి మాత్రం మాట్లాడింది.

"ఏడు నెలలు," అంది. "నెలకొక్కపారన్న నీ ఇంటికి గీ బండిలనే వచ్చిన. చాయ్ దాగి పోయిన. నువ్వు గేటు దాక వచ్చి సాగదోలినవ్."

ఆమె చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. గేటు దాకా వచ్చి, చెయ్యి ఊపి, మెల్లగా పొండి అని కూడా అనేవాణ్ణి.

నాలుగో చక్రం బిగిస్తుండగా దీప ఫోన్ చేసింది. అక్క ఆత్రంగా ఎత్తింది. బస్సు ఆలస్యమై ఆఫీసుకు మూడున్నర దాటాక చేరిందట. సర్టిఫికెట్లు చూడవలసిన సారు పొద్దున పోయినవాడు అప్పటికీ తిరిగి రాలేదట. అందరూ వరండాలో వరసలో కూర్చున్నారట. ఈ దేశంలో ఒక సర్కారు సారు టైముకు రాకపోవడం ఒక మంచి పనికి వచ్చింది, మిగతా జీవితమంతా ఆయన ఇంటికాడ పడుకున్నా నేను తప్పు పట్టను. అక్క కళ్లు తుడుచుకుంది. ఫోన్ బావకు ఇచ్చింది. బావ మాట్లాడి మళ్లీ అక్కకే ఇచ్చాడు. అది నా దాకా రాలేదు.

గాలి చూశాను. నాలుగు చక్రాల బోల్టులూ మళ్లీ ఒకసారి బిగించాను. చేతులు తుడుచుకుని లేచాను.

"అయిపోయిందక్కా. ఎక్కు. బావ మెల్లగ నడుపుతడు. నేను ఎనుకనే వస్త."

అక్క కదల్లేదు. బండి వైపు చూసింది, చక్రాల వైపు చూసింది. తర్వాత బావ వైపు తిరిగింది.

"నువ్వు సూడు," అంది.

బావ జేబులో నుంచి కళ్లద్దాలు తీశాడు. మోకాళ్లు పట్టుకుని కష్టంగా కింద కూర్చుని, కొత్త టైరు పక్కగోడ మీద దుమ్ము అరచేత్తో తుడిచి, అక్షరం చూశాడు. రెండు అడుగుల దూరంలో నేను నిలబడి ఉన్నాను. అడిగితే చెప్పేవాణ్ణి. అడుగుతాడేమోనని గొంతు సవరించుకున్నాను కూడా. బావ నా వైపు చూడలేదు. మెడ తిప్పి పంక్చర్ షాపతన్ని పిలిచాడు.

"తమ్మీ, జర ఇటురా. మా బండికి గీ అచ్చరం నడుస్తదా?"

అతను ఒకసారి నా ముఖం చూశాడు. టైర్లు తెచ్చినవాణ్ణి, ఎక్కించినవాణ్ణి నేనే అయితే తనను ఎందుకు అడుగుతున్నారో అతనికి అర్థం కాలేదు. వంగి చూశాడు.

"నడుస్తది కాకా. మంచియే ఇవి. బేఫికర్ పోండ్రి."

"నాలుగిట్ల సూడు," అంది అక్క.

అతను బండి చుట్టూ తిరిగాడు. ఒక్కొక్క చక్రం దగ్గరా వంగి, చూసి, తలూపుతూ వచ్చాడు. నాలుగోదాని దగ్గర కూడా తలూపాక, అక్క లేచి కొంగు దులుపుకుని బండి ఎక్కింది.